ఎండాకాలం సాక్సులు

దేవరకొండలో చిన్న ఫిజియోథెరపీ గది. ఏళ్ల తరబడి ఆయాసంతో మెడ, భుజాలు, పక్కటెముకలు బిగుసుకుపోయిన వీరేశం స్టూలు మీద కూర్చున్నాడు. వెనక భాగ్యశ్రీ, వైద్యం చేసే అమ్మాయి. తలుపు దగ్గర అతని భార్య లీలమ్మ.

"గొట్టం మందు పీల్చినవా? నోరు పుక్కిలించినవా? ఇగ అంగీ ఇడువు, దిండు మీద చేతులు పెట్టు, ముందుకు వంగు, భుజాలు వదులు చెయ్యి. నా చేతులు వీపు మీదున్నప్పుడు ఊపిరి బిగపట్టకు. అయిందా పెద్దనాయినా?"

"అయింది బిడ్డా."

"అయిందంటడు గని ఇన్నడా డాక్టరమ్మా? మా మనుమరాలు అక్షిత సుత గంతే. గీ ఎండల సాక్సులు ఇడువది. పండుకున్నప్పుడు సుత. ఇడువమంటే ఏడుస్తది."

"లీలా, గా పిల్ల సంగతి ఇప్పుడెందుకే."

"ఇడిచిపెట్టు పెద్దమ్మా, ఫ్యాషనేమో. పెద్దనాయినా, గీడ... ఎందుకు ఉలిక్కిపడ్డవ్?"

"నీ చేతులు చల్లగున్నయి."

"చల్లగ లేవు. ఒకసారి దగ్గు."

"రాదు."

"తెమడ గరగర నాకు ఇనిపిస్తాంది, దగ్గు రాదంటవా? పక్కటెముక కాడ చెయ్యి అడ్డం పెట్టుకున్నవ్ చూడు. పోయిన వారం గీ నొప్పి లేదు గద."

"లీలా, జర చాయ్ తీస్కరాపో."

"గిప్పుడే గద తాగినవ్."

"పోవే తల్లీ."

"పోతున్న, పోతున్న."

"పెద్దమ్మ పోయింది. చెప్పు. పోయిన వారం నేనే గద గట్టిగ ఒత్తింది?"

"నువ్వు ఒత్తితే హాయిగనే ఉంటది బిడ్డా. మెడ తిరుగుతాంది. ఊపిరి సుత జర ఆడుతాంది."

"నేనడిగింది అది కాదు. ఆయాసానికి మాత్రలు మింగి మింగి నీ బొక్కలు గుల్లబారినయి. తెల్సి సుత చెయ్యి బరువు పెట్టిన. పక్కటెముక నేనే ఇరగ్గొట్టిన అని మా సారుకు చెప్త. కొలువు పోతే పోనీ. ఇగ నీ వీపు నేను ముట్ట."

"గట్లనకు. నీ తప్పు గాదు."

"మరెవరిది?"

"నాది. అక్షిత... అక్షిత ఎదురుకాళ్లతోని పుట్టింది."

"పుడితే?"

"గట్ల కాళ్లు ముందుగ పుట్టినోళ్లు తొక్కితే నొప్పి పోతదంటరు. నడుం పట్టిందంటే ఊరోళ్లు మా ఇంటికే వస్తరు, పిల్లతోని వీపు తొక్కించుకోనీకి. నాకు సుత ఆశ పుట్టింది. నువ్వు వారానికొక్కసారి ఒత్తుతవ్, పిల్ల రోజూ తొక్కితే జల్ది నయమైతదనుకున్న. అది వద్దన్నది. తాతా, నేను బరువైన అన్నది. నేనే బతిలాడిన. ఊపిరాడకున్నా బోర్ల పండుకున్న."

"ఇరిగిందా?"

"చిటుక్కుమన్నది. గదేం చప్పుడు తాతా అన్నది. చాప కింద పుల్ల ఇరిగింది అని చెప్పిన."

"నమ్మిందా?"

"నమ్మింది. చాప లేపి చూసింది, ఆడుకోనీకి పోయింది. ఇంట్ల చెప్పకు బిడ్డా. తెలిస్తే పిల్ల తన కాళ్లనే తిట్టుకుంటది. ఇప్పటికైతే దానికేం తెల్వది."

"చాప లేపి చూసిందా?"

"చూసింది."

"పుల్ల దొరికిందా?"

"యాడిది బిడ్డా, ఉంటే గద."

"పెద్దనాయినా, సాక్సులు ఎప్పటి సంది ఏసుకుంటాంది?"

"అవి... గా రోజు... గా రోజు సందే."

"ఎక్స్‌రేకు నేను తోల్కపోత. గొట్టం, మాత్రలు, నేను చెప్పినయన్నీ యాది మర్సినా సరే. సాక్సులల్ల కాళ్లు దాసుకున్న గా పిల్లను మాత్రం యాది పెట్టుకో."