శాంసన్ బుద్ధిమంతుడయ్యాక

హలో… జోగులూ? ఆ, నేనే బాబూ, టైలరు ఎస్తేరమ్మని. మా శాంసన్‌కి నువ్వే కదా ట్రైనింగిచ్చావు—

…

బావున్నాడు. వాడికేటి, బావున్నాడు. అదే నా బాధ.

…

అబ్బే, కరవలేదు. సెప్పులు కొరకడం మానేసాడు. తీగ మీద బట్టలు లాగడం మానేసాడు. ఇదివరకు వచ్చినోళ్ల బుజాల మీద కాళ్లేసి మొహమంతా నాకేవాడా… ఇప్పుడు గేటు సప్పుడైతే ఎల్లి గోనెపట్టా మీద కూకుంటాడు. సండేస్కూలు పిల్లాడిలాగ. ఇప్పుడూ దాని మీదే ఉన్నాడు, నాకేసే సూస్తన్నాడు. మా పాస్టరుగారు కూడా మెచ్చుకున్నారు.

…

సెప్తాను, ఉండు. వాడికి మళ్లీ గెంతడం నేర్పాలి.

…

నవ్వకు. అందరి మీదా కాదు. ఒక్క మనిషి మీద.

…

గణేశ్వరరావు గారని, మా ఎదురింటాయన. బస్సు కాంప్లెక్సులో మైకు దగ్గర కూకుని ఇరవయ్యెనిమిదేళ్లు బస్సులు పిలిచి రిటైరయ్యారు. శాంసన్ భయానికి మా గేటు దాటేవారు కాదు. ఇప్పుడు వాడు బుద్ధిమంతుడయ్యాడా… మూడింటికొచ్చి కూకుంటే ఏడింటికి లేస్తన్నారు.

…

ఏటి మాటాడతారా? ఏ బస్సు ఏ రోజు ఎంత లేటయ్యిందో. ఎస్. రాయవరం దగ్గర పాయకరావుపేట బస్సు టైరు పేలిన సంగతి నాలుగుసార్లు సెప్పారు. నాలుగోసారి రెండు టైర్లు పేలాయి.

…

పనుందని సెప్పలేదనుకున్నావా? "మీ పని మీరు సేసుకోండమ్మా, నేను సెప్తుంటాను" అంటారు. మా ఆయన ప్రేమరాజు గారైతే… గేటు సప్పుడైతే కుక్క పట్టా మీదకి, ఈయన పెరట్లోకి. ఇప్పుడు వసారాలో టీ తాగుతున్నారులే, ఇంకా మూడవ్వలేదు కదా.

…

అది కాదు బాబూ. ఆదివారం మా చర్చి జూబిలీ. పాటలు పాడే క్వయరోళ్లవి పద్దెనిమిది జాకెట్లు. ఇయాల గురువారం. ఆరు జాకెట్లే అయ్యాయి. నిన్న ఆయన మాటల్లో పడి ఒకదానికి రెండూ ఎడం సేతులే కుట్టేసాను. టైముకివ్వకపోతే ఇక తుని షాపుకే ఇచ్చేస్తామని క్వయరు లీడరు సారా నా మొహం మీదే అనేసింది.

…

ఒక్కరి మీదకే అంటే కుదరదా… ఊఁ… ఊఁ… పట్టా మీంచి లేపడానికి ఒక మాటుందా? నాకెప్పుడు సెప్పావు?

…

కాగితం మీద రాసిచ్చావా? ఆ కాగితం వాడు మొదటిరోజే తినేసాడు. ఏటా మాట?

…

"ఫ్రీ" అనా… అయ్యో. శాంసన్, దిగు. ఏవండీ, ఆ గ్లాసు… దిగరా.

…

పనిసేస్తంది జోగులూ. బాగా పనిసేస్తంది. మా ఆయన గుండెల మీద రెండు కాళ్లూ ఏసేసాడు. టీ అంతా లుంగీ పాలు.

…

కాల్లేదులే, సల్లారిపోయిన టీయే… ఏవండీ, మిమ్మల్ని కాదు, కుక్కల ట్రైనరుతో మాటాడుతున్నాను.

…

పాపమంటావా… పాపమే. ఆదివారం మోకాళ్ల మీద ఒప్పేసుకుంటాను. ముందు జాకెట్లవ్వనీ.

…

ఉండు, గేటు. మూడయ్యింది. శాంసన్ పట్టా ఎక్కేసాడు, మా ఆయన పెరట్లోకెల్లిపోయారు. నువ్వు లైన్లోనే ఉండు, పెట్టెయ్యకు.

రండి గణేశ్వరరావు గారూ, రండి… ఎండ కాదండీ మరి… ఫోనా? సుట్టాలబ్బాయి లెండి… అయితే ఈ రోజు మీరు… ఫ్రీయేనా అండీ?

…

…

జోగులూ. ఇను. వాడు గెంతాడు. బుజాల దాకా లేచాడు. ఈయన అరవలేదు, పరిగెట్టలేదు. గిరుక్కున ఎనక్కి తిరిగి, సేతులు కట్టుకుని, మా కొబ్బరిసెట్టు కేసి సూస్తూ నిలబడ్డారు. వీడు ఇంకో రెండుసార్లు గెంతి, దిగిపోయి, ఆయన కాళ్ల దగ్గర కూకున్నాడు. ఇప్పుడాయన జేబులోంచి బిస్కత్తు తీసి పెడతన్నారు.

గణేశ్వరరావు గారూ… ఈ ఇద్యెక్కడ నేర్సుకున్నారండీ? … ఎవరి దగ్గర?

…

జోగులూ.

…

ఆయనకి నేర్పింది నువ్వేనా?

…

పదిరోజులా? మా వీధిలోనే? నాకు తెలీకుండా?

…

భయం పోగొట్టమని ఆయనడిగారు, బానే ఉంది. అడిగితే పోగొట్టేస్తావా?

…

ఇంట్లో గోడలతో మాటాడుకోలేక… అలా అన్నారా నీతో?

…

ఊఁ. వాళ్లావిడ వరలక్ష్మమ్మ గారు నిరుడు పోయారు. ఆవిడున్నప్పుడు ఈయన గొంతు మైకులో తప్ప మేం ఇన్లేదు.

…

తెలుసు బాబూ. నాకూ జాలి ఉంది. జాలితో జాకెట్లవ్వవు కదా.

ఏటండీ గణేశ్వరరావు గారూ? … ఆ, ఇయ్యే, క్వయరోళ్లవి. ఇంకా పన్నెండున్నాయి… మీరా? … వరలక్ష్మమ్మ గారి కుట్టుమిషను దగ్గర అంచులు మడిచి పెట్టింది మీరా? … ఎప్పుడూ సెప్పలేదేటండీ. ఇన్ని బస్సుల గురించి సెప్పారు.

…

అయితే ఇలా కూకోండి. ఈ అంచు ఇంతే ఎడల్పు మడిచి, గుండుసూదులు గుచ్చుకుంటూ ఎల్లండి. … డబ్బీ ఎతికే టైము లేదండీ. నోట్లో పట్టుకోండి, పెదాల మధ్య. మేమంతా అలాగే పట్టుకుంటాం. … ఇంకో నాలుగు. … ఇదిగో, ఇయ్యి కూడా. … ఆ, అలాగ. ఇంక నోరు తెరవకండి. ప్రమాదం.

…

జోగులూ… ఉన్నావా? … ఏటీ, నీకేమీ ఇనబడ్డం లేదా?

నాకూ ఇనబడ్డం లేదు. ఉంటాను బాబూ.