పెళ్ళి తెర కట్టుకుని కొండెక్కిన జూరకాన్

ఆ కోటు ఎక్కడ కొన్నావే చినారా? బిష్కెక్‌లోనా. మెత్తగా బానే ఉంది గానీ, అదేం రంగు తల్లీ, రాతి మీద పెడితే రాయి, గడ్డిలో పెడితే గడ్డి. రేపు నువ్వు చూడబోయే కొండమేకలకి కనబడకూడదనా? వాటికి కనబడితే ఏమవుతుంది, ఓ చూపు చూసి పక్క బండ మీదికి దూకుతాయి, అంతేగా. నువ్వు కనబడాల్సింది తుపాకీ పట్టుకున్నవాళ్ళకి. ఇది వేట నెల. కూర్చో, ఉప్పు చాయ పోస్తాను, ఉప్పు చాలకపోతే చెప్పు. మా తోడికోడలు జూరకాన్ ఉండుంటే ఆ కోటు నీ ఒంటి మీదే కత్తిరించేసేది. లేదులే, పోయి చాలా ఏళ్ళయింది. ఆ గోడ మీది ఫొటోలో ఉన్నది మా అత్తగారు, ఈవిడ ఫొటో దిగేది కాదు, నన్ను చూడ్డమెందుకు, చూడాల్సినవి కొండ మీద ఉన్నాయి అనేది.

మా ఆయన అన్నగారి భార్య ఆవిడ. పేర్లు అడక్కు, మేం కోడళ్ళం అత్తింటి మగాళ్ళ పేర్లు పలకం, ఇప్పుడు మొదలెట్టి ఏం ఉద్ధరించాలి. ఆ పెద్దాయన మంచి వేటగాడు, ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. పోతూ ఆవిడకి మిగిల్చింది ఒక దుర్భిణీ, కొండమేక తోలుతో కుట్టిన కోటూ. ఏటా మంచు పడి పోతులు కొమ్ములు కొమ్ములు కొట్టుకునే రోజుల్లో, ఆ కోటు తొడుక్కుని ఎర్రబండ వాలు మీదికి పోయి పొద్దుగూకేదాకా కూర్చునేది. చంపడానికి కాదు, పుల్లలు ఏరుకురావడానికీ కాదు, ఊరికే చూడ్డానికి. ఊరు ఊరుకుంటుందా? పొయ్యి దగ్గర కూర్చుని పిల్లిని చూసుకోవచ్చుగా అన్నారు. పిల్లిని చూసేశాను, అయిపోయింది, అంది.

సర్కారు ఉమ్మడి వ్యవసాయం కూలిపోయిన ఏడుంది చూడు, నువ్వు పుట్టి ఉండవు. గొర్రెలు పంచారు, పంచినవి తిన్నారు, తిన్నాక అందరి చూపూ కొండ మీద పడింది. జన్మలో తుపాకీ ముట్టనివాడు కూడా అటక మీద నుంచి తాతల తుపాకీ దించాడు. మా ఆయనా వెళ్ళాడు, ఇంట్లో పిల్లలున్నారు మరి. మంచుపొగలో ఎర్రబండ మీద ఒక ముసలిపోతు తల వంచుకుని కనబడిందిట. గురి చూశాడు, కాల్చాడు. ప్రాణం పోకముందే గొంతు కోయాలిగా, బిస్మిల్లా అనుకుంటూ కత్తి దూసుకుని పరిగెత్తాడు. తీరా చూస్తే అన్న కోటు. అందులో వదినగారు. గుండు కాలర్ బొచ్చులోంచి దూసుకుపోయి బండకి తగిలింది, ఆ రాతిపెచ్చు ఎగిరి ఆవిడ చెంప చీల్చింది. నెత్తురు కారుతోంది. ఈయన కత్తి పట్టుకుని నిలబడిపోయాడు. ఆవిడేమందో తెలుసా? "కత్తి లోపల పెట్టు మరిదీ. నేను కోతకి రాలేదు."

నేనైతే ఆయన్ని జుట్టు పట్టుకుని కిందికి ఈడ్చుకొచ్చేదాన్ని. ఆవిడ చెంపకి మంచుగడ్డ అదుముకుని, ఎక్కడ పడుకుని కాల్చావో చూపించు అంది. కోటు విప్పి తను కూర్చున్న చోటే బండ మీద పరిచింది. ఆయనతో కిందికి దిగి, ఆయన పడుకున్న మంచుగుంటలోనే బోర్లా పడుకుని, ఆయన తుపాకీ గురిలోంచి ఆ కోటుని చూసింది. చాలాసేపు చూసిందిట. లేచి మంచు దులుపుకుని, "నేనైనా కాల్చేదాన్నే" అంది. అంతే, ఆ మాటతో ఆయన్ని ఏడవనియ్యలేదు, నన్ను తిట్టనియ్యలేదు. ఆ కోటు మళ్ళీ తొడగలేదు.

ఇక ఇంట్లో కూర్చుంటుందనుకున్నాం. మా ఆయన తల మీది కల్పాక్ టోపీ తీసి ఆవిడ కాళ్ళ ముందు పెట్టాడు, వదినా, చూడాలనిపిస్తే వేసవిలో పోయి చూసుకో అని. పోతులు పోట్లాడేది మంచులో, వేసవిలో వెళ్ళమంటే పెళ్ళివారు వెళ్ళిపోయాక పందిట్లో కూర్చోమన్నట్టుంది అంది. చావు భయం లేక కాదే. భయముంది కాబట్టే ఆలోచించింది. పెట్టె తెరిచి, కొత్త కోడలప్పుడు తను వెనకాల కూర్చున్న పెళ్ళి తెర బయటికి తీసింది. దానిమ్మ పువ్వంత ఎరుపు. దాన్ని నిలువునా కోసి, ముందో ముక్క, వెనకో ముక్క కుట్టుకుని, తలకి కట్టుకోడానికి ఇంకో ముక్క ఉంచుకుంది. వెనక కూడా ఎందుకంటే, తుపాకీ మనకి చెప్పి ఎదురుగా రాదు కదా అంది. విధవరాలు పెళ్ళి తెర కప్పుకుని వీధిలో నడుస్తుంటే ఊళ్ళో ఎవరికి ముద్ద దిగుతుంది? బాతియ్ అని మా పక్కింటావిడ, నోరు తిన్నగా ఉండదు, పెళ్ళికొడుకు ఎక్కడమ్మా అంది వాకిట్లో నిలబడి. "కొండ మీదున్నాడు. నాలుక్కాళ్ళు. గడ్డం మాత్రం నీ మొగుడి గడ్డం కంటే బావుంటుంది." బాతియ్ మళ్ళీ ఆ దారిన నిలబడితే ఒట్టు.

మేకలు ఆ ఎరుపుని పట్టించుకోనేలేదుట. వేటగాళ్ళే మండిపడ్డారు. ముసలిది కూర్చుంటే ఆ వాలంతా పాడైపోతోందని, ఇద్దరు కుర్రాళ్ళు ఆవిడ నెత్తి మీదుగా గాలిలోకి పేల్చారు. ఆవిడ కదల్లేదుట, పొద్దుగూకాకే దిగి ఇంటికొచ్చింది. కనబడితే చాలదే, తుపాకీ పట్టినవాడు మాట ఇచ్చి కట్టుబడాలి, అంది ఆ రోజు. నువ్విది చెవిలో వేసుకో.

మర్నాడు వంతెన దగ్గర కాపు కాసింది. మా ఆయన గుర్రం మీద పోతుని వేసుకుని దిగుతున్నాడు, వెనక మిగతా వేటగాళ్ళున్నారు. నేను చంకలో పిల్లాడితో ఎదురెళ్ళాను. ఆవిడ ఎర్రగా దారికి అడ్డం నిలబడి "షిరల్గా" అంది. వేటతో వస్తున్నవాణ్ణి దార్లో ఎవరు ఆపి ఆ మాట అన్నా వాటా ఇచ్చి తీరాలి, కాదన్నవాడి తుపాకీ గుడ్డిదైపోతుంది, ఇక వేట తగలదు, నీ తాత కూడా ఇచ్చుంటాడు. మా ఆయన కత్తి తీసి, తొడ కోసిస్తాను వదినా అన్నాడు.

"మాంసం నాకెందుకు? ఎర్రబండ వాలు ఇయ్యి. అక్కడ నేనున్నా లేకపోయినా గుండు పేలకూడదు."

వెనకాలవాళ్ళు నవ్వారు, షిరల్గా అంటే మాంసం, కొండ కాదు అని. అడిగిన ముక్క ఇవ్వడం మన తాతల మర్యాద, నేనడిగిన ముక్క కొంచెం పైనుంది, అంతే తేడా అంది. ఆ చలికాలం మా పిల్లలు తిన్నదంతా ఆ వాలు మీంచి వచ్చిందేగా. వద్దు, ఒప్పుకోకు అని కళ్ళతో చెప్తున్నాను. ఆయన నావైపు చూశాడు. ఆవిడ చెంప మీద చారవైపు చూశాడు. "తీసుకో వదినా" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆయన రెండు లోయలు దాటి వేటకెళ్ళాడు, నేను ఆవిడతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. ఆవిడ మాత్రం వంతెన వదల్లేదు. ఒక్కొక్కణ్ణీ ఆపి అదే ముక్క అడిగింది. సర్బగిష్ అని ఒకడు ఇవ్వనన్నాడు. సరే, రేపొస్తాను అంది. రోజూ వచ్చింది. చివరికి వాడి పెళ్ళామే, తుపాకీ గుడ్డిదైతే నన్నూ పిల్లల్నీ ఏం పెట్టి మేపుతావని గడప ఎక్కనివ్వలేదు, అప్పుడిచ్చాడు. అంతా ఇచ్చాక కూడా కొండెక్కే ముందురోజు సాయంత్రం ఇంటింటికీ పోయి, రేపు ఫలానా చోట కూర్చుంటాను, ఫలానా దారిన దిగుతాను అని చెప్పి వచ్చేది. చెప్పనిదే ఎక్కేది కాదు. ఇవాళ సాయంత్రం నువ్వూ అలాగే తిరుగుతావు, నేనొస్తాను తోడు. మొహమాటపడకు, మొహమాటానికి గుండు ఆగదు.

ఆవిడ మంచం మీదే పోయింది, చక్కగా, నిద్రలో. ఆ చలికాలమే పట్నం నుంచి ఎవరో జీపు వేసుకొచ్చారు, పెద్ద తుపాకులు, అనుమతి కాగితాలు. మన కుర్రాళ్ళే దారి చూపిస్తామన్నారు, పోయినావిడ వాటా పోయినట్టేగా అని. మా ఆయన, తిన్న ముక్క కడుపులోంచి తిరిగి లాగుతార్రా అన్నాడు. తెల్లారి తుపాకీ గోడకి వదిలేసి, ఆవిడ బట్టలు పంచినప్పుడు అడిగి తెచ్చుకున్న ఎర్ర గుడ్డ కట్టుకుని పోయి ఆ వాలు మధ్యలో కూర్చున్నాడు. వాళ్ళు కింద నుంచి గురిలో చూశారు, అరిచారు, హారన్ కొట్టారు. ఈయన లేవలేదు. నేనిక్కడ పిండి పిసుకుతూ ప్రతి చప్పుడికీ ఆగాను. చీకటి పడకముందే జీపు వెళ్ళిపోయింది.

మర్నాడూ వెళ్ళాడు. జీపు పోయిందిగా, ఇంకెందుకు అంటే గుడ్డ బిగించుకుని బయల్దేరేవాడు. ఆ చలికాలమంతా వెళ్ళాడు, తర్వాతి ఏడూ వెళ్ళాడు. అంతగా ఏం చూస్తున్నావయ్యా అని ఓ రోజు గట్టిగా నిలదీశాను. బూట్లు విప్పుకుంటున్నాడు, ఒకటి చేతిలోనే ఉండిపోయింది. "అక్కడో ముసలిపోతు దగ్గుతోందే. మనిషిలాగే. ఇన్ని చంపాను, వాటికి దగ్గొస్తుందని నాకు తెలీదు" అన్నాడు.

ఆ... రొట్టె మాడుతున్నట్టుంది, ఆ పిడకలు కొంచెం వెనక్కి లాగు.