నారపల్లిల ఉప్పలయ్య పెట్టించిన చార్జర్

"చార్జర్ అంటే గోడకు మొల కొట్టి క్యాలెండర్ తగిలించుడు అనుకున్నవా జీవన్? కూసో. జర కూసో. మీ మామ ఎందుకు వద్దంటుండో నీకు ఎరుక గావాలె."

నాచారంలో ఉప్పలయ్య సొంతింటి వరండా అది. ఆదివారం పొద్దు వాలుతోంది. ఇంటి వరండాలో కూడా రబ్బరు చెప్పులు విడవకుండా, ప్లాస్టిక్ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు ఉప్పలయ్య. మెట్ల మీద పై పోర్షన్‌లో కిరాయికుండే డ్రైవర్ జీవన్. ఇంకో కుర్చీలో పక్కింటి లక్ష్మీకాంత్ మాస్టారు, రాజమండ్రి వైపు మనిషి. గడప దగ్గర పీట మీద ఆయన భార్య ఉప్పలమ్మ గోంగూర తెంపుతోంది.

"అది కాదు మామా," అన్నాడు జీవన్. "ఇంట్ల చార్జింగ్ ఉన్నోళ్ళకే కంపెనోళ్ళు ఆ ఎలక్ట్రిక్ కారు కిస్తులకు ఇస్తరట. రేపు పొద్దుగాల్ల వాళ్ళ మనిషొచ్చి గోడ సూస్తడు. నువ్వు ఊ అంటే కారు నాది. లేకుంటే ఇంకొకనికి పోతది. ఎన్నేండ్లని మంది కార్లు తోలాలె నేను?"

"అగో, మళ్ళ అదే మాట! నేను నీ మంచికే చెప్తున్న. నారపల్లిల మా బామ్మర్ది చంద్రశేఖర్ లేడా, ప్లాటు కొని కొత్తిల్లు కట్టిండు గద, ఆయన కారుకు చార్జర్ పెట్టించింది ఎవ్వరనుకున్నవ్? నేను! బావా, నువ్వు రాకుంటే నేను పెట్టియ్య అని కూసున్నడు. సరే తియ్యి అని ఏఎస్ రావు నగర్ల దుకాణానికి పోయినం. ఆ దుకాణపాయన డబ్బలు వరుసగా పెట్టి గిది గింత, గది గంత అని ఇంగ్లీషుల ఒర్రుతుండు. నేను ఒక్క మాట మాట్లాడలే. కుండలు కొన్నట్టు వేలుతోని టక్కు టక్కు కొట్టి సూసిన. మూలకున్న డబ్బ కాడ ఆగిన. ఇదియ్యి అన్న. ఆయన నోరు తెరిచిండు. సార్, మీరు యే కంపెనీల ఇంజనీర్ అన్నడు."

"వేలితో కొడితే తెలుస్తుందా అండీ?" అన్నారు మాస్టారు.

"తెలుస్తది సారూ, చెవి ఉండాలె. ఇగ ఇంటికి తెచ్చినం. ఫిట్టింగ్ చేసే పిలగాడొచ్చి ఎర్తింగ్‌కు ఇంత గుంత తవ్వి, జరంత ఉప్పు, జరంత బొగ్గు పోసి అయిపాయె అన్నడు. అయిపాయెనా? పాయసం చేస్తున్నవా బిడ్డా అని గడ్డపార గుంజుకున్న. తవ్విన. మస్తు తవ్విన. నారపల్లి దుకాణాలల్ల ఉప్పంత ఆ గుంతలనే పోసిన, ఊరోళ్ళు సప్పిడి కూరలు తిన్నరు, ఎవ్వడు ఒక్క మాట అనలే. ఇంకా తవ్విన. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? కింది నుంచి ఎవరో, మెల్లగ తవ్వన్నా, పిల్లలు పండుకున్నరు అన్నరు!"

జీవన్ నోటి దాకా పోతున్న చాయ్ గ్లాసు అక్కడే ఆగింది. "ఎవరు మామా?"

"అడుగలే. నాకు పనుండె."

ఉప్పలమ్మ తలెత్తకుండానే అంది. "నేను గోంగూర తెంపుతున్న, ఈయన సొరకాయలు కోస్తుండు. మా ఇంట్ల కూరకు కొదవ లేదు సారూ."

"నువ్వాగే! ముచ్చట మంచిగ నడుస్తుంది. ఇగ డబ్బ గోడకెక్కింది. కారు వచ్చి నిలవడ్డది. టైర్ల కింద నిమ్మకాయలు, గేటుకు గుమ్మడికాయ. ఆ గన్ను ఉంటది సూడు, పెట్రోలు బంకుల పైపు తీరు, కార్ల గుచ్చేది, దానికి పసుపు కుంకుమ నేనే పెట్టిన. అందరు దూరం జరుగుండ్రి అన్న. మా బామ్మర్ది గజగజ వణుకుతుండు. బావా నీకేమన్న అయితే మా అక్కకు నేనేం జెప్పాలె అంటడు. ఫికర్ జెయ్యకు అని గన్ను కార్ల గుచ్చి బటన్ ఒత్తిన. ఒత్తిన్నో లేదో, గేటుకు కట్టిన గుమ్మడికాయ కట్టిన కాడ్నే ఉడికింది!"

"ఓరి దేవుడా!" అన్నారు మాస్టారు, రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి.

"పొగలు సారూ, కమ్మగ పొగలు! కిందికి దించి ఉత్త తాలింపు పెట్టినం. వచ్చినోళ్ళందరు దాంతోనే తిన్నరు. ఇగ కారు సంగతి ఇను. కన్ను మూసి తెరిసేలోపు నిండింది. నిండినంక ఆగాలె గద? ఆగలే! వంద అయిపాయె, రెండు వందలు అయిపాయె, ఆ మీటరు ఇగ నాతోని గాదన్నట్టు మొకం తిప్పుకున్నది. ఎక్కువైన కరెంటు గల్లీలకు పొర్లింది. జేబులల్ల సెల్లులు వాటంతటవే నిండినయ్. ఎన్నడో ఆగిపోయిన గోడ గడియారాలు గిరగిర తిరిగినయ్. ఎంత తిరిగినయ్ అంటే, పక్కన బడిల పొద్దుగాల్ల బెల్లుకే సాయంత్రం బెల్లు గూడ కొట్టిన్రు. పిల్లలు అట్ల పోయి ఇట్ల వచ్చిన్రు."

మాస్టారు బడి మాట వచ్చేసరికి గతుక్కుమన్నారు. జీవన్ మాత్రం చేతి గడియారం చూసుకుని, పైకి తమ పోర్షన్ కిటికీ వైపు చూశాడు.

"బుగులైతుందా? అప్పుడే భయపడకు. ఇంకా అసలుది చెప్పనే లే. కారు కదిలింది! లోపల నేనొక్కన్నే. యాక్సిలేటర్ మీద కాలు లేదు, ఉత్తగ కూసున్న. నారపల్లికెళ్ళి ఉప్పల్ దాక ఒక్కటే ఉరుకుడు. బ్రేకు తొక్కితే నవ్వుతుంది. కరెంటు అయిపోతె ఆగుతది గదాని ఏసీ వేసిన, వైపర్లు వేసిన, పట్టపగలు లైట్లేసిన, హారన్ మీద మోచెయ్యి పెట్టి పండుకున్న. తగ్గలే. రామంతాపూర్ల చెరువు సుట్టు తిరుగవట్టె. తిరిగీ తిరిగీ చెరువుల నీళ్ళు గూడ దానెంబడి తిరుగుడు షురూ చేసినయ్. షేర్ ఆటోలోళ్ళు దండం పెట్టి దారిచ్చిన్రు. ఇంటింట్ల టీవీలల్ల సీరియల్ పోయి నా మొకం వచ్చిందట. ఆడోళ్ళు ఈ కొత్త హీరో ఎవరే అనుకున్నరట."

"ఆ మాట మాత్రం అబద్ధం," అంది ఉప్పలమ్మ.

"ఇగ నాకు కోపమొచ్చింది. కారును ఎన్కకు మలిపి నారపల్లికే తెచ్చిన. దిగిన. ఆ చార్జర్ కాడికి నడుసుకుంట పోయిన. వైరు బుస్సుమంటుంది. ఫిట్టింగ్ పిలగాడు ఒద్దు సార్, ఒద్దు సార్ అని మొత్తుకుంటుండు. ఏం జేసిన్నో ఎరుకేనా?" ఉప్పలయ్య లేచి నిలబడి కుడిచెయ్యి చాచాడు. "ఈ చెయ్యితోని! ఉత్త చెయ్యితోని! వైరు పట్టుకొని, కరెంటంత గుంజి, భూమిల కలిపిన! పెయ్యి మీద ఒక్క ఎంటిక లేస్తే ఒట్టు. నాకేం గాదు, నేను తట్టుకుంట. కాని బిడ్డా, నువ్వు తట్టుకుంటవా? నీ పెండ్లాం, పిల్ల తట్టుకుంటరా? అందుకే చెప్తున్న. చార్జర్ మన ఇంట్ల వద్దు. ఆ మనిషిని రేపు రావద్దని చెప్పు."

జీవన్ ముఖం మాడిపోయింది. జేబులోంచి ఫోన్ తీసి చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

ఉప్పలమ్మ గోంగూర గిన్నెలో నీళ్ళు పోసి ఆకు కడగసాగింది. వరండాలో చీకటి పడుతోంది.

"ఇగో, నా చేతులు తడిగున్నయ్," అంది. "జర ఆ లైటెయ్యి."

ఉప్పలయ్య కుర్చీలో సర్దుకున్నాడు. "ఎలుగున్నది గదనే."

"ఆకుల పురుగు కనవడ్తలేదు. ఎయ్యి."

"నేనేస్త అత్తా," అని జీవన్ లేవబోయాడు.

"నువ్వు కూసో బిడ్డా. నారపల్లి కరెంటంత చెయ్యితోని పట్టినాయన, ఒక్క లైటు బుగ్గ ఎలిగియ్యలేడా?"

ఉప్పలయ్య లేచాడు. కాళ్ళకు చెప్పులున్నాయో లేదో ఒకసారి చూసుకున్నాడు. తలుపు దగ్గరికి వెళ్ళి, అలవాటుగా తలుపు వెనక్కి చెయ్యి పెట్టి, పప్పుగుత్తి తీశాడు. చెయ్యి చాచినంత దూరంలో నిలబడి, ముఖం పక్కకు తిప్పి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఆ కర్రతో స్విచ్చును పొడిచాడు. మొదటిసారి పక్కనున్న కాలింగ్ బెల్లుకు తగిలింది. అది గణగణమనేసరికి ఎగిరి గడపవతల పడ్డాడు. రెండోసారికి లైటు వెలిగింది.

కళ్ళు తెరిచేసరికి ముగ్గురూ తన వైపే చూస్తున్నారు.

"ఉప్పలయ్య గారూ," అన్నారు మాస్టారు, "పప్పుగుత్తా?"

"మామా!" జీవన్ మెట్టు మీద నుంచి లేచి నిలబడ్డాడు. "మరి ఉత్త చెయ్యితోని వైరు?"

"నన్నడుగు, నేను చెప్త," అంది ఉప్పలమ్మ. "మా తమ్ముడు చార్జర్ పెట్టించిననాడు ఈయన యాడున్నడో ఎరుకేనా? రోడ్డవతల కిరాణం దుకాణం కాడ. ఆ పిలగాడు పని చేసుకొని, చాయ్ తాగి, బండెక్కి పోయేదాక ఇటు దిక్కు రాలే. అన్నం గూడ నేనే గిన్నెల పెట్టుకొని రోడ్డు దాటి తీస్కపోయి పెట్టిన. కారు మంచిగ నడుస్తుంది. గుమ్మడికాయ ఇంక గేటుకే ఏలాడుతుంది."

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి ఇంకా తేరుకోలేదు.

ఉప్పలయ్య మెల్లగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పప్పుగుత్తి ఒళ్ళోనే ఉంది.

"బుగులైతది రా జీవన్," అన్నాడు. "కరెంటంటే మస్తు బుగులు. పైన నీ పిల్ల ఆడుకుంటుంటది. ఏమన్నయితే నేను ఏమైపోవాలె?"

జీవన్ వచ్చి ఆయన కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఏం గాదు మామా. దానికి వేరే వైరు, వేరే మీటరు. ఎర్తింగ్ గుంత గూడ వాళ్ళే తవ్వుతరు. ఏమన్న తేడా వస్తే దానంతటదే బంద్ అయితది. నువ్వు ముట్టుకునుడే ఉండది."

"ముట్టుకునుడే ఉండదా?"

"ఉండది."

"నువ్వు రోడ్డవతలనే నిలవడు, అన్నం తెచ్చి పెడ్త," అంది ఉప్పలమ్మ.

ఉప్పలయ్య గేటు పక్క గోడను చూశాడు. అక్కడ డబ్బా ఎంత ఎత్తులో వస్తుందో, తను ఎంత దూరంలో నిలబడాలో మనసులో కొలుచుకున్నాడు. తర్వాత పప్పుగుత్తిని ఎత్తి ఆ చివర నుంచి ఈ చివర దాకా పరీక్షగా చూశాడు.

"రమ్మను రేపు," అన్నాడు జీవన్‌తో. ఉప్పలమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "గని గంత పెద్ద డబ్బకు ఇది సాలది గదనే. పొడుగుది ఒకటి కొనాలె."