గుమ్మం లెక్క తప్పలేదు

సగం సర్దిన ఇల్లు. ముందుగది గుమ్మానికి వైర్లు చుట్టుకుని ఓ యంత్రం వేలాడుతోంది. దాని పక్కన దాన్ని చేసిన మహానుభావుడు, ఎదురుగా ఆయన భార్య.

“పాత సామాను పెట్టెలు నాలుగే కదా బయటపెట్టావు?”

“నాలుగే. ఎందుకూ?”

“ఏం లేదు. నా మిషను ఐదు చూపిస్తోంది.”

“మిషనా? ఆ వైర్ల చిక్కుకి మిషనని పేరు కూడానా?”

“చిక్కేమిటే! పాడైపోయిన ప్రింటర్లోంచి సిరా కార్ట్రిడ్జ్ పీకి, దాని సన్నటి చిల్లులన్నిటికీ నేనే ఆర్డర్లేస్తున్నా. నువ్వు ఉమ్ము, నువ్వు ఆగు అని. పెట్టె గుమ్మం దాటితే చాలు, దానంతటదే రాసేస్తుంది.”

“ఏమని?”

“‘పాత సామాను. కొత్త ఇంటికి వద్దు.’ ముత్యాల్లాంటి అక్షరాలు!”

“చేత్తో రాస్తే అరనిమిషం. నాలుగు రోజులు తగలేశారు. సరే, ఐదోది ఏంటి?”

“అదే... గాలికేమో...”

“గాలికి రాస్తుందా?”

“రాయదు. కాస్త నిండైన శాల్తీ ఏదైనా దాన్ని ఒరుసుకుంటూ వెళ్ళాలి.”

“శాల్తీ ఏంటి?”

“ఇందాక... మీ అమ్మగారు బయటికెళ్ళారు కదా.”

“వెళ్ళింది.”

“తిన్నగా వెళ్ళారా, పక్కకి తిరిగి వెళ్ళారా?”

“మీ వైర్లు కాలికి తగలకూడదని పక్కకి తిరిగి, గుమ్మానికి వీపు ఆనించి... అయ్యో! తెల్లచీర!”

“తెల్లదా? అయితే స్పష్టంగా పడుంటుంది. అంటే... అయ్యో అంటున్నా నేనూ.”

“ఎక్కడికెళ్ళిందో తెలుసా? కొత్త ఇంటావిడ దగ్గరికి! పద్ధతైన కుటుంబానికే అద్దెకిస్తానందిగా, మన పద్ధతి చూపించడానికి వెళ్ళింది. రేపటికి ఇది ఖాళీ చేయాలి. ఆ ఇల్లు పోతే రోడ్డు మీద ఈ పెట్టెల మీదే పడుకోవాలి!”

“ఉతికితే పోతుందిలే.”

“పోతుందా?”

“పోదు. పోనిదే కావాలని ఏరికోరి ఆ సిరా పోశా.”

“ఫోన్ చేయండి!”

“నేనా? మీ అమ్మ కదా, నువ్వు చెయ్యి.”

“మీ సిరా కదా, మీరు చేయండి!”

“ఆగాగు, ఆవిడే చేస్తున్నారు. స్పీకర్ పెట్టు. అత్తయ్యా! ఎవరికీ వీపు చూపించకండి!”

“చూపించడం అయిపోయింది అల్లుడూ. ఇంటావిడ చదివింది. పైకే చదివింది.”

“అమ్మా! ఏమందే?”

“ఏడ్చిందే పాపం. వాళ్ళల్లుడూ ఇదే అనుకుంటాడట, రాసే ధైర్యం మాత్రం చాల్లేదట. నన్ను వాటేసుకుని వదల్లేదు.”

“మరి ఇల్లు?”

“ఇచ్చేసింది. తాళాలు నా చేతిలోనే ఉన్నాయి.”

“హమ్మయ్య! చూశావా, నా మిషను మహిమ! అత్తయ్యా, ఇదిగో, లారీ ఎక్కించుకుని వచ్చేస్తున్నాం!”

“ఎక్కించు నాయనా. సామానూ ఎక్కించు, అమ్మాయినీ ఎక్కించు. ఆ తర్వాత నువ్వు గుమ్మానికి వీపు ఆనించి, తొందరపడకుండా, మెల్లగా బయటికి రా.”