నువ్వు మెచ్చుకున్న ఫోన్

కొత్త ఫోన్ల మంచీచెడ్డా వీడియోల్లో చెప్పే కూతురు ఇంటికి రాగానే తండ్రి జేబులోంచి ఫోన్ తీశాడు.

"నువ్వు మెచ్చుకున్నదే కొన్నానమ్మా. ఛార్జింగ్ రెండ్రోజులు ఆగుతోంది. ఫొటోలు అద్దంలో చూసినట్టున్నాయి. ఈ ధరకి ఇంకేం కావాలి?"

"అవతలివాళ్ళ మాట సరిగ్గా వినపడుతోందా నాన్నా?"

"అదే మరీ సన్నగా వస్తోంది. నీకెలా తెలుసు?"

"ఏం లేదు, అడిగానంతే."

"మొదట ఫోన్‌దే లోపమనుకున్నా. నీ వీడియో మళ్ళీ చూశా. అందులో ఆ మాటే లేదు. లోపముంటే నా కూతురు చెప్పకుండా ఉంటుందా? నా చెవులే పోయాయి. రేపు డాక్టరు దగ్గరికి తోడు వస్తావా?"

ఆమె తల వంచుకుంది.

"కంపెనీవాళ్ళు ఆ ఫోన్ నాకు ఊరికే ఇచ్చారు నాన్నా. అందుకే చెప్పలేదు," అని గొణిగింది.

"చూశావా? ఇంత దగ్గర కూర్చున్నా నీ మాట కూడా వినపడట్లేదు నాకు."