పొర తీసిన మర్నాడు

హలో… ఆ, నేనే. గట్టిగా మాట్లాడలేను తమ్ముడూ…

దేవుడి గదిలో ఉన్నా. లోపల గడియ పెట్టుకున్నా… ఆ చప్పుడా? మీ బావే. సుత్తితో తలుపు బాదుతున్నాడు.

…తాగడమేంట్రా, ఆయన మందు ముట్టడని నీకు తెలీదా? పొద్దున ఆస్పత్రిలో ఉన్న ఒక్క కంటికి కట్టు విప్పారు కదా. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడ్డాడు. అంతే… అద్దం, గోడ గడియారం, అలమారా అన్నీ పగలగొట్టాడు. తన చేత్తో చేసిన అలమారా.

…తగిలింది. ఉలి విసిరాడు. చెవి పక్కన చీరుకుపోయింది… గుడ్డ అదిమిపెట్టా, రక్తం ఆగింది. గోడకేసి విసిరాడులే. మధ్యలో నేనున్నానని కనబడలేదు.

…చంపేస్తానంటున్నాడు. నన్ను కాదు, డాక్టరు గారిని. కన్ను కాల్చేశారట. చెక్కలు చెక్కే బాడిస పట్టుకుని బయల్దేరాడు. బాడిసా, గేటు తాళంచెవీ లాక్కుని ఇందులో దూరా. రెండూ నా ఒళ్లోనే ఉన్నాయి.

…పోలీసులొద్దు. చూపు లేని మనిషిని నలుగురు కలిసి ఈడ్చుకెళ్తుంటే చూడాలా? నువ్వు రా. ఎంతసేపు?… ముప్పావుగంటా? అంతసేపు ఆగుతుందా ఈ తలుపు… ఆగుతుందేమోలే, చేసింది ఆయనే. ఎనిమిది రోజులు బరువెత్తొద్దన్నారు. అయ్యగారు సుత్తి ఎత్తారు.

…లేదురా. డాక్టరు తప్పేం లేదు. నాదే.

…చెప్తా విను. ఆపరేషన్‌కి ముందు, ఈయనకి బయట కంట్లో చుక్కలు వేస్తుంటే, నన్ను లోపలికి పిలిచారు. రెండు జబ్బులమ్మా అన్నారు. ఒకటి శుక్లం, పైనున్న పొర, అది తీసేస్తా. రెండోది కంటి వెనక తెర. వయసుతో సరిగ్గా నడిమధ్య అరిగిపోయింది, అది తిరిగి రాదు. పొర తీస్తే వెలుతురొస్తుంది, రంగులు తెలుస్తాయి, పక్కలు కనిపిస్తాయి. తిన్నగా చూస్తే మాత్రం మచ్చే. పక్కచూపుతో పని చేసుకోవడం నేర్చుకోవాలి అన్నారు.

…ఆయనకీ చెప్తాననే అన్నారు. నేనే వద్దన్నా. నేను చెప్పుకుంటా బాబూ అన్నా. సంతకం పెట్టే కాగితం కూడా నేనే చదివి వినిపించా. ఆ రెండు లైన్లూ మింగేశా.

…చెబితే ఒప్పుకుంటాడా? గోడవైపు తిరిగి పడుకునేవాడు. కాస్త వెలుతురైనా వస్తే చాలనుకున్నా. వారం నుంచీ ఒకటే మాట, ముందు నీ ముఖం చూస్తానని. ఆ ముఖం ఉన్నచోటే మచ్చ. దయతో చెప్పిన అబద్ధంలే అని సర్దుకున్నా. దేవుడు ఒప్పుకున్నాడో లేదో, నేను అడగలేదు.

…అబ్బా. తలుపు చెక్క చీలింది. సుత్తి తల ఇవతలికొచ్చింది… ఉండు.

ఏవండీ. ఆ డాక్టరు గారు ఏం చెయ్యలేదు. మచ్చ పోదని నాకు ముందే చెప్పారు. కాగితంలోనూ ఉంది, నేనే చదవలేదు. కొట్టాలంటే నన్ను కొట్టండి… వింటున్నారా?

…హలో. ఉన్నావా? దెబ్బలు ఆగాయి. సుత్తి కింద పడేశాడు…

ఏదో గీరుతున్నాడు. ఇనుము… చీలికలోంచి కనిపిస్తోంది, స్క్రూడ్రైవరు. తలుపు బందులు విప్పుతున్నాడురా. ఈ తలుపుకి బందులు బయటివైపే… జారింది. మళ్లీ జారింది. మరమేకు తల మీద గాడి దొరకట్లేదు. తిన్నగా చూస్తున్నాడు కదా, అక్కడంతా మచ్చే… నలభై ఏళ్ల వడ్రంగి. నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. నన్నే… జారింది. చెయ్యి తెగినట్టుంది.

ఏవండీ, తిన్నగా చూడకండి. తల కాస్త తిప్పండి. మరను కాదు, పక్కన గోడని చూడండి.

…

పడింది. తమ్ముడూ, గాడిలో పడింది. తిరుగుతోంది… కనిపిస్తోందిరా ఆయనకి.

…ఏడవట్లేదు… లోపలికొచ్చి ఏం చేస్తాడో నాకేం తెలుసు. ఉండు, బాడిస కిటికీలోంచి పారేస్తా… పారేశా.

పై బందు అయిపోయింది. కింది దాన్లో ఇంకొక్క మరే ఉంది. అది ఊడితే తలుపు ఆయన మీద పడుతుంది, ఆ కంటి మీద. ఇన్నేళ్లూ ఏ తలుపు విప్పినా అవతల పట్టుకునేది నేనేగా…

విన్నావా? "పట్టుకో" అన్నాడు.

…కోపంగానే అన్నాడు. ఉంటా. రెండు చేతులూ కావాలి. ఫోన్ కింద పెడుతున్నా.