తోక పంకా లేని హెలికాప్టర్

ఏదీ, ఆ ఫోను ఇలా తే అమ్మడూ. నిన్న మైదానంలో తీసినవేనా? హెలికాప్టర్లు బాగానే పడ్డాయి. పక్కన నిలబడ్డ ఈ పెద్దమనిషి ఎవరు? నేనా? మరి నా ముడతలేవి? ఫోనే తీసేస్తుందా, అడక్కుండానే? బాగుంది సంబడం. ఇన్నేళ్లు ఎండకీ వానకీ తిరిగి సంపాదించుకున్నవి, ఒక్క ఊపులో ఊడ్చేసిందన్నమాట. ఈ ఫోను అచ్చం మా మామయ్య పోలిక. మా అమ్మ తమ్ముడు, నువ్వు పుట్టకముందే పోయాడులే. స్టూడియో ఉండేది, కుర్రప్పుడు నేనూ ఆయన చేతికిందే పనిచేసేవాణ్ణి. టచింగ్ మామయ్య అనేవాళ్లు ఊళ్లో. ఫొటో తీయడంలో కాదు ఆయన గొప్ప. తీశాక ఆ నెగటివ్‌ని కిటికీ వెలుతురుకి పెట్టుకుని, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో దిద్దేవాడు చూడూ, అదీ గొప్ప. మొటిమలు, గుంటలు, మచ్చలు, కళ్లకింద సంచులు, ఆయన చేతిలో పడితే ఒక్కటీ బతికి బట్టకట్టేది కాదు. ఉద్యోగం కార్డు మీద ఆయన ఫొటో అతికించుకుని వెళ్తే, గేటు దగ్గర కాపలావాడు "ఇది నువ్వు కాదు, పో" అనేవాడు. అయినా జనం ఆయన దగ్గరికే వెళ్లేవాళ్లు. నిజం ముఖం అద్దంలో రోజూ చూస్తూనే ఉంటాం కదా, దానికి మళ్లీ డబ్బులు పోసి ఫొటో ఎందుకూ?

ఎక్కడున్నాను? ఆ, హెలికాప్టర్లు. నా కుర్రతనంలోనూ ఓసారి వచ్చాయిలే. కాలనీ సంఘం వార్షికోత్సవానికి అప్పటి మా అధ్యక్షుడు ఎవర్నో పట్టుకుని మైదానంలోకి రెండు సైనిక హెలికాప్టర్లు తెప్పించాడు. కుళాయిలోకి నీళ్లు తెప్పించలేకపోయాడు గానీ, ఆకాశంలోంచి హెలికాప్టర్లు తెప్పించాడు మహానుభావుడు. అప్పటికి మామయ్య పని అంతంతమాత్రం. ఎదురుగా కలర్ స్టూడియో ఒకటి పడింది, జనమంతా అటే. అధ్యక్షుడు పిలిచి, "ఇవాళ ఎగిరేటప్పుడు తీయవయ్యా. పెద్దది చేసి తే, రేపు సభలో పైలట్ గారికి బహూకరిద్దాం. బాగా వచ్చిందా, ఇక సంఘం ఫొటోలన్నీ నీవే" అన్నాడు. మామయ్యకి అదే ఆఖరి ఆశ. అదీ పోతే స్టూడియోకి తాళమే. పాపం, ఉన్న ఒక్క మంచి చొక్కా వేసుకుని వచ్చాడు. ఎవరొచ్చినా "గడ్డం కొంచెం కిందకి, కదలొద్దు" అనడం ఆయనకి అలవాటు. ఆ దుమ్ములో, ఆ మోతలో, హెలికాప్టర్‌ని కూడా అదే అన్నాడు. అది వింటుందా? ఫొటో మాత్రం బ్రహ్మాండంగా పడింది. కాకపోతే తోక చివర బూడిద రంగు మసక. "వెధవ దుమ్ము, లెన్సు మీద పడి చచ్చింది" అని, మధ్యాహ్నం భోజనం మానేసి కూర్చుని, ఆ మసక కనపడకుండా దిద్దేశాడు. మనిషి ముఖాన్నే వదలనివాడు తోకని వదులుతాడా?

సభలో పైలట్ ఫొటో అందుకున్నాడు. కుర్రాడే, మర్యాదస్థుడు. ఎడమ బుగ్గంతా కాలిన మచ్చ, చెవి దాకా. చాలాసేపు చూసి, "చాలా బాగుందండీ. తోక మీద పంకా ఏమైంది?" అన్నాడు. "పంకా పైన ఉందిగా బాబూ" అన్నాడు మామయ్య. "పైనది లేపడానికండీ. తోక మీద చిన్నది ఇంకోటి ఉంటుంది. జోరుగా తిరుగుతుంది కదా, ఫొటోలో మసగ్గా పడుతుంది. అది లేకపోతే మేం బొంగరంలా తిరిగి కింద పడతాం" అన్నాడు, మైకు ముందే. సభ సభంతా పొట్ట పట్టుకుంది. మా అధ్యక్షుడైతే, హెలికాప్టర్‌కి తోక ఉంటుందని అప్పుడే తెలుసుకున్న మనిషి, అందరికంటే గట్టిగా నవ్వాడు. మామయ్య ఇంటికొచ్చి పెన్సిళ్లన్నీ పొయ్యిలో పెట్టాడు. ఇక ఈ చేత్తో దిద్దను అన్నాడు. మా అత్తయ్య, "పోనీలెండి, వాటితోనన్నా ఓ గ్లాసు కాఫీ కాగింది" అంది.

మర్నాడు పొద్దున్నే ఆ పైలట్ స్టూడియో మెట్లెక్కాడు. షాపు మూసేశామని చెప్పరా అన్నాడు మామయ్య నాతో, లోపల్నుంచి. పైలట్ వినిపించుకోలేదు. "మా అమ్మకి ఫొటో పంపాలండీ. ఈ కాలిన సంగతి ఆవిడకి తెలీదు. ఇంటికెళ్లకుండా, సెలవు దొరకలేదని బొంకుతూ వస్తున్నాను. పంకానే మాయం చేసిన చేతికి ఇదెంత?" అన్నాడు. వెక్కిరింత కాదమ్మడూ, బతిమాలుకోవడం. మామయ్య ఒట్టు గట్టున పెట్టి, ఫొటో తీసి, కొత్త పెన్సిల్ కొనుక్కొచ్చాడు. ఏం దిద్దాడనుకున్నావు, ఆ బుగ్గ మీద నిప్పు పడ్డ జాడ లేదు. పైలట్ ఫొటో చూసుకుని, తన బుగ్గ తడుముకున్నాడు. ఇక మామయ్య వీధిలో కాలర్ ఎగరేసుకుని తిరిగాడు. సైన్యమే నా దగ్గరికొచ్చింది, మీరెంత అన్నట్టు.

ఆ కాలర్ ఎన్నాళ్లో నిలవలేదులే. ఓ మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చింది, బస్సు దిగి నేరుగా. కొడుకు పంపిన ఫొటో వెనక స్టూడియో ముద్ర ఉంది కదా, దాన్ని పట్టుకుని వచ్చింది. "మావాడు నడక నేర్చేటప్పుడు గడప మీద పడ్డాడు బాబూ. కుడి కనుబొమ్మ రెండుగా చీలింది. ఆ గీత లేకుండా వాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ఇందులో అది లేదు. అదే తీసేశారంటే, ఇంకేం తీసేశారు?" అంది. చూశావా ఆయన నిర్వాకం? కనుబొమ్మ జోలికి ఎవరు వెళ్లమన్నారు? బుగ్గ అయిపోయాక చెయ్యి ఊరుకోక, చేతిలో పెన్సిల్ ఉంది కదా అని దాన్ని కూడా నింపేశాడు. ఊరంతా నవ్వితే పెన్సిళ్ల మీద కోపం తీర్చుకున్న మనిషి, ఆవిడ ముందు తల దించాడు. అబద్ధం ఆడలేకపోయాడు. నెగటివ్ తీసి, దూదికి టర్పెంటైన్ అద్ది, దిద్దిందంతా తుడిచేశాడు. చీకటిగదిలోకి ఆవిణ్ణి కూడా రమ్మన్నాడు. ఎర్ర దీపం కింద, మందునీళ్ల ట్రేలో కాగితం మీద ముందు కనుబొమ్మ గీత తేలింది. ఆవిడ ముఖం విప్పారింది. ఆ తర్వాత బుగ్గ వచ్చింది. ఏడవలేదు. ట్రే మీదికి వంగి చూసి, "ఇది కాలినప్పుడు వీడి పక్కన ఎవరున్నారు బాబూ?" అంది.   ట్రేలో ఫొటో మందులో ఎక్కువసేపు నాని నల్లబడిపోతున్నా తీయాలన్న ధ్యాస లేదు మామయ్యకి. నాకూ లేదు. అలాగే నిలబడ్డాం.

ఇదుగో, ఫోను తీసుకో. మీ అమ్మ ఇందాకట్నుంచి పిలుస్తోంది, వెళ్లు.